డాట్ కామ్ ధర ఎవరి చేతిలో ఉంది?

చిరుధాన్యాల సాగుతో ప్రపంచానికి తెలిసిన సంస్థ ఒకటి జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో ఉంది. అదే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దాని మహిళా సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మాచ్నూర్ నుంచి వాళ్లు నడిపే సంఘం రేడియో 2008లోనే మొదలైంది. బయటి ప్రపంచానికి ఈ సంస్థ ఇచ్చిన ఇంటర్నెట్ చిరునామా డీడీఎస్‌ఇండియా డాట్ కామ్. సాక్షి, ఆంధ్రజ్యోతి పత్రికల చిరునామాలు కూడా డాట్ కామ్‌తోనే ముగుస్తాయి. ఈనాడుది డాట్ నెట్. ఈ రెండు ముగింపులనూ, అంటే ఎక్స్‌టెన్షన్లనూ నడిపేది ఒకే అమెరికన్ కంపెనీ, వెరిసైన్. ఈ చిరునామాల ధరలు ఎలా నిర్ణయమవుతాయన్న దానిపై చిన్న వ్యాపారుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో చాలా అపోహలున్నాయి.

అపోహ: డొమైన్ ఒకసారి కొంటే ఇక మనదే.

వాస్తవం: డొమైన్‌ను ఎవరూ కొనలేరు. బస్టాండ్ దగ్గర మడిగె కిరాయికి తీసుకున్నట్టు, గడువు ఉన్నంతకాలమే అది మనది. డాట్ కామ్‌ను ఒక విడతలో గరిష్ఠంగా పదేళ్లకు మించి తీసుకోలేం. గడువు దాటితే సైటు, ఈమెయిల్ రెండూ ఆగిపోవచ్చు. పేరును తొలగించాక కూడా 30 రోజుల పాటు తిరిగి దక్కించుకునే అవకాశం ఉంటుంది కానీ అదనపు రుసుము భారీగానే పడుతుంది. ఆ గడువూ పోయాక మరో ఐదు రోజులకు ఆ పేరు ఎవరికైనా దొరుకుతుంది.

అపోహ: ధర పెంచేది మనం డబ్బు కట్టే కంపెనీయే.

వాస్తవం: గోడాడీ, బిగ్‌రాక్, హోస్టింగర్ లాంటివి రిజిస్ట్రార్లు, అంటే చిల్లర అమ్మకందారులు. వాటి పైన ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ ఒకే ఒక్క రిజిస్ట్రీ ఉంటుంది, డాట్ కామ్‌కు అది వెరిసైన్. అమ్మిన ప్రతి పేరుకూ రిజిస్ట్రార్ ఆ రిజిస్ట్రీకి టోకు ధర కట్టాల్సిందే.

డాట్ కామ్ టోకు ధరను అమెరికా వాణిజ్య శాఖ 2012లో 7.85 డాలర్ల దగ్గర ఆపేసింది. 2018లో అదే శాఖ పెంపుకు దారి తెరిచింది. 2020లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్ వెరిసైన్‌తో తన ఒప్పందాన్ని అందుకు తగ్గట్టు సవరించింది. ఆ తర్వాత ధర 2021లో 8.39, 2022లో 8.97, 2023లో 9.59, 2024లో 10.26 డాలర్లకు చేరింది. అంటే మన లెక్కలో సుమారు 900 రూపాయలు. దానిపై ఐకాన్ రుసుము, రిజిస్ట్రార్ లాభం, 18 శాతం జీఎస్టీ కలుస్తాయి. మొదటి ఏడాది నామమాత్రపు ధరకు ఇస్తామనే ప్రకటన వెనుక రిజిస్ట్రార్ భరించే నష్టం ఉంటుంది. రెండో ఏడాది రెన్యువల్‌లో ఆ లోటు మన దగ్గరే వసూలవుతుంది.

అపోహ: నచ్చకపోతే మారిపోవచ్చు, పోటీ బోలెడంత ఉంది.

వాస్తవం: రిజిస్ట్రార్‌ను మార్చుకోవచ్చు. పాత రిజిస్ట్రార్ నుంచి ఆథరైజేషన్ కోడ్ తీసుకుంటే ఆ పని తేలికే. అయితే ఎక్కడికి వెళ్లినా డాట్ కామ్ టోకు ధర మాత్రం అదే. ఎక్స్‌టెన్షన్‌నే మార్చాలంటే చిరునామా మొత్తం మారుతుంది. బోర్డులు, ప్యాకెట్లు, విజిటింగ్ కార్డులు, ఈమెయిళ్లు, గూగుల్ వెతుకులాటలో ఏళ్లుగా సంపాదించిన స్థానం అన్నీ మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. ఏడాదికి వంద రూపాయలు పెరిగాయని ఎవరూ ఆ పనికి పూనుకోరు. కొత్త ఎక్స్‌టెన్షన్లు వందల్లో ఉన్నా పాత పేరున్నవాళ్లకు నిజమైన పోటీ లేకపోవడానికి కారణం ఇదే.

అపోహ: నిర్వహణ ఖర్చు పెరిగింది కాబట్టే ధర పెరిగింది.

వాస్తవం: 2024లో వెరిసైన్ ఆదాయం దాదాపు 156 కోట్ల డాలర్లు. అందులో నిర్వహణ లాభమే 100 కోట్ల డాలర్లు దాటింది. డాట్ కామ్ కాంట్రాక్టుకు టెండర్ పిలవరు. నిబంధనలను తీవ్రంగా ఉల్లంఘిస్తే తప్ప అది పాత కంపెనీకే కొనసాగుతుంది. 2024 చివర్లో మరో ఆరేళ్లకు అలాగే కొనసాగింది. ఆ నవంబరులోనే సెనేటర్ ఎలిజబెత్ వారెన్, ప్రతినిధుల సభ సభ్యుడు జెరీ నాడ్లర్ ఈ గుత్తాధిపత్యంపై దృష్టి పెట్టాలని అమెరికా ప్రభుత్వాన్ని కోరారు.

అపోహ: డాట్ ఆర్గ్ సేవాసంస్థలది, అక్కడ ఈ బాధ ఉండదు.

వాస్తవం: 2019లో ఐకాన్ డాట్ ఆర్గ్ ధరపై ఉన్న పరిమితిని ఎత్తేసింది. మూడు వేలకు పైగా వచ్చిన అభిప్రాయాల్లో అత్యధికం వ్యతిరేకించినా ఆ నిర్ణయం ఆగలేదు. కొన్ని నెలలకే దాని రిజిస్ట్రీని 113.5 కోట్ల డాలర్లకు కొంటామని ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ ముందుకొచ్చింది. ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద సంస్థలు ఎదురుతిరిగాయి. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అభ్యంతరం తెలిపారు. చివరికి 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి అనుమతి నిరాకరించింది. అమ్మకం ఆగింది కానీ ధరపై పరిమితి తిరిగి రాలేదు.

అపోహ: మన డాట్ ఇన్‌కు గుత్తాధిపత్యం అంటదు.

వాస్తవం: డాట్ ఇన్‌కూ రిజిస్ట్రీ ఒక్కటే. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని లాభాపేక్ష లేని సంస్థ నిక్సీ దాన్ని చూస్తుంది. తెలుగు లిపిలో రాసుకునే డాట్ భారత్ కూడా దాని చేతిలోనిదే. తేడా అంతా సాంకేతిక నిర్వహణలో ఉంది. ఆ పనికి నిక్సీ టెండర్ పిలుస్తుంది. 2005 నుంచి చేస్తున్న అఫీలియాస్‌ను దాటి 2018లో న్యూస్టార్ తక్కువ ధరతో ఆ పని దక్కించుకుంది. ఆ తర్వాతి దఫాలో టుకోస్ ఎంపికైంది. రిజిస్ట్రీ ఒక్కటే అయినా దాన్ని నడిపే పనికి పోటీ పెట్టొచ్చని, దాంతో ఖర్చు తగ్గించొచ్చని ఇది రుజువు చేస్తోంది. డాట్ కామ్‌కు అదే పద్ధతి ఎందుకు వర్తించకూడదని అడిగే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది.

2024 చివర్లో కొనసాగించిన ఒప్పందం ప్రకారం 2026 అక్టోబరు చివరి నుంచి నాలుగేళ్ల పాటు ఏటా 7 శాతం వరకు డాట్ కామ్ ధర పెంచవచ్చు. నాలుగు పెంపులూ జరిగితే టోకు ధర 13 డాలర్లు దాటుతుంది. అయితే ప్రతి పెంపుకూ వెరిసైన్ ఆరు నెలల ముందే నోటీసు ఇవ్వాలి. ఆ వ్యవధిలో పేరును పదేళ్ల దాకా రెన్యువల్ చేసుకుంటే అంతకాలం పాత టోకు ధరే వర్తిస్తుంది. దానికి ముందు, పేరు వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడి ఖాతాలో ఉందో, సంస్థ ఖాతాలో ఉందో సరిచూసుకోవాలి. ఒప్పందాలు మార్చేముందు ఐకాన్ ప్రజాభిప్రాయం కోరుతుంది. ఏ దేశం వారైనా, ఏ చిన్న సంస్థ అయినా దానికి రాసి పంపవచ్చు.