చిరివేరు – బందరు అద్దకము

వరి, చెఱకు, ప్రత్తి పైరులను గూర్చి ఈ పత్రికయందు తఱచుగా వ్రాయుచుందుము. ఈ మాసమున మన సముద్రతీరపు ఇసుకనేలలలో తనంత మొలచునట్టియు, ఒకప్పుడు పైరుగా సయితము సాగైనట్టియు నొక చిన్న మొక్కను గూర్చి కర్షక సోదరులకు మనవి చేయుచున్నాము. అదియే చిరివేరు.

చూపునకు అది కలుపుమొక్క వలె నుండును. దాని విలువ యంతయు సన్నని పొడవైన వేరునందే కలదు. వేరు బెరడునందు అలిజరిన్ అను రంగుపదార్థ ముండును. గుల్లసున్నము కలసిన ఇసుకనేలలోని వేరు మేలైన యెఱుపు నిచ్చునని పూర్వపు అద్దకపువారు చెప్పుచుండిరి.

అద్దకము చేయు విధ మెట్టిదనగా: గుడ్డను ముందుగా కరక్కాయ కషాయమునందును పాలయందును తడిపి యారవేయుదురు. ఎఱుపు కావలసిన చోట్ల పటికనీటితో అచ్చు వేయుదురు. అప్పటికి ఎఱుపు కానరాదు. పాఱునీటిలో జాడించి, చిరివేరు పొడి కలిపిన నీట కాచినపుడు పటిక తగిలిన భాగమే యెఱ్ఱబాఱును. ఆ రంగు ఉతుకులకు నిలుచును.

డచ్చివారు 1605-06 ప్రాంతమునను, ఇంగ్లీషువారు 1611లోను నిజాంపట్టణము, బందరులకు వచ్చి కోరిన సరకులలో ఈ రంగుగుడ్డలు ముఖ్యమైనవి. ఐరోపాలో వీనికి గలిగిన మోజు చూచి, తమ నేతగాండ్రకు నష్టమని ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను నిషేధ శాసనములు చేసెను. శాసనములు చేయలేని పనిని రసాయనశాస్త్రము చేసినది. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్‌మన్ అనువారు తారునుండి వచ్చు పదార్థముతో అలిజరిన్ చేయు మార్గము కనుగొనిరి. చౌక రంగు వచ్చెను; చిరివేరునకు గిరాకి తగ్గెను. నేడు బందరు, పెడనలలో ఎఱుపునకు అంగడి అలిజరినే విరివిగా వాడుచున్నారు.

ఈ పైరు తెగులుచే పోలేదు, అనావృష్టిచే పోలేదు. కొనువాడు లేక పోయినది. ఇప్పుడు చెట్టురంగుల గుడ్డలను కోరువారు మరల కనబడుచున్నారు. అంతమాత్రమున తొందరపడి విత్తవలదు. తీరగ్రామముల సంఘములు ముందు అద్దకపువారితో మాటలాడి, ఎంత వేరు, ఏ ధరకు కొందురో వ్రాతమూలకముగా నిశ్చయించుకొనవలెను. అటుపిమ్మట కొలది సెంట్లలో పరీక్షింపవలెను. బీళ్లలోని మొక్కలను మాత్రము సమూలముగా పెఱికి యమ్ముకొనరాదు. వేరు తీసిన మొక్క మరి విత్తనమీయదు గదా! విత్తనము ధూళివలె సన్నము. ఒకమాఱు పోయినచో ఏ అంగడిలోను దొరకదు. కొన్ని మొక్కలనైన గింజకు విడిచినవాడే రేపటి సాగునకు దారి మిగిల్చినవా డగును.