లేబుల్ లేని లైబ్రరీని కలపొద్దు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో విత్తనాలు కొనే రైతు సంచి మీది లేబుల్ చూస్తాడు: రకం, లాట్ నంబరు, మొలక శాతం, గడువు. గింజను ఎంత తేరిపార చూసినా ఆ వివరాలు తెలియవు. కంపైల్ చేసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీలదీ అదే పరిస్థితి.

లైబ్రరీ అంటే ఒకరు రాసిపెడితే పదిమంది తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్. తెలుగు ఒత్తులు, గుణింతాలు తెరపై సరైన చోట కుదురుకునేలా చూసే హార్ఫ్‌బజ్ అలాంటిదే. దాని సోర్స్ కోడ్‌ను మనిషి చదవగలడు. కంపైల్ అయ్యాక మిగిలేది యంత్రం చదివే అంకెలు; అందులో ఏముందో తేల్చడం నిపుణులకూ కష్టం.

అయినా సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు కూడా ఇతరుల లైబ్రరీలను కంపైల్ చేసిన రూపంలోనే కలిపి ఇస్తుంటాయి. అందుకు కారణముంది. ఆళ్లగడ్డ విద్యార్థి ఒక ప్రోగ్రామ్ దించుకుంటే అది వెంటనే పనిచేయాలి. ముందు కంపైలర్ తెచ్చుకో, ఫలానా వెర్షన్ వెతుక్కో అంటే అక్కడితో వదిలేస్తాడు.

చిక్కంతా మరమ్మతు దగ్గర. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ లాంటి ఒక తెలుగు అక్షరం రాగానే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు ఆగిపోయాయి. లోపం ఆ యాప్‌లన్నీ ఉమ్మడిగా వాడే ఫోన్ లైబ్రరీలో ఉంది. అది ఓపెన్ సోర్స్ కాకపోయినా, ఆపిల్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌కు 11.2.6 అప్‌డేట్ ఒక్కటి ఇవ్వగానే అన్నీ బాగుపడ్డాయి. 2023 సెప్టెంబరులో బొమ్మలు చూపే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి దాని ప్రతిని తమలోనే కలుపుకున్నాయి కాబట్టి ఎవరి అప్‌డేట్ వారే ఇవ్వాల్సి వచ్చింది. ఎవరూ పట్టించుకోని ప్రాజెక్టులో ఆ పాత ప్రతి అలాగే ఉండిపోతుంది.

నమ్మకం మాట ఇంకా పెద్దది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడింది. పరీక్షల కోసమంటూ పెట్టిన, చదవడానికి వీల్లేని ఫైళ్లలో దాన్ని దాచారు. లాగిన్ నెమ్మదించడం గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఆరా తీయడంతో అది దొరికింది.

కాబట్టి లైబ్రరీని కలిపేవారు దాని పేరు, వెర్షన్, అసలు సోర్స్ దొరికే చోటు, లైసెన్స్, కంపైల్ చేసిన పద్ధతి రాసిపెట్టాలి. ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయితే వాడేవారు ఆ లైబ్రరీని మార్చుకునే వీలు ఉంచాలి. కొత్త లోపాలు బయటపడుతున్నాయేమో చూసే బాధ్యత ఒకరు తీసుకోవాలి. ఆ బాధ్యత మోయలేనప్పుడు లైబ్రరీని కలపకుండా, వాడేవారి కంప్యూటర్‌లో ఉన్నదాన్నే వాడటం మేలు.