పదవితో పాటు పెత్తనమూ చేతికి రావాలి

నాయకత్వమంటే గట్టిగా నిలబడి శాసించడమనీ, స్త్రీత్వమంటే సర్దుకుపోవడమనీ సమాజం ముందే నిర్ణయించుకున్నందువల్ల, అధికార స్థానంలో ఉన్న స్త్రీ మెతకగా ఉంటే చేతగానిదనీ, కచ్చితంగా ఉంటే గయ్యాళి అనీ పేరు మోయవలసి వస్తుంది. 2002లో ఆలిస్ ఈగ్లీ, స్టీవెన్ కారావ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ చిక్కునే పాత్రల మధ్య పొంతన లేకపోవడంగా వివరించారు.

ఈ మూస భావాల పట్టు ఎక్కడ సడలుతుందో, ఎక్కడ బిగుస్తుందో నెల్లూరు జిల్లా అనుభవంలో కనిపిస్తుంది. అక్షరాస్యతా తరగతులలో కూడిన దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించగా, వర్ధినేని రోశమ్మ పేరుతో ప్రసిద్ధమైన ఆ పోరాటం 1992లో జిల్లా అంతటా వ్యాపించి, సారా పాటలను అడ్డుకొని, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రవ్యాప్త సారా నిషేధానికి దారితీసింది. అయితే సంసారాన్ని కాపాడుకొనే ఇల్లాలి ఆగ్రహంగా లోకం దీన్ని సులభంగానే మెచ్చుకోగలిగింది. డబ్బు, సంతకం, తీర్పు చెప్పే హక్కు స్త్రీకి ఇవ్వవలసి వచ్చినప్పుడే అసలు ప్రతిఘటన మొదలవుతుంది. తీర గ్రామాలలో చేపల అమ్మకం చాలావరకు స్త్రీలే చూసుకున్నా కులపంచాయతీ పెద్దరికం సంప్రదాయంగా మగవారికే దక్కడం, మహిళా సర్పంచి ఉన్నచోట భర్తే పెత్తనం చేయడం ఇందుకు ఉదాహరణలు.

ఉద్యమం వెంట జిల్లాలో విస్తరించిన పొదుపులక్ష్మి సంఘాలు ఈ అడ్డును మరో దారిలో ఎదుర్కొన్నాయి. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకున్న స్త్రీలే అప్పు ఎవరికివ్వాలో తేల్చి, లెక్కలు చూసి, బ్యాంకుతో వ్యవహరించడంతో, ఆర్థిక నిర్వహణ ఆడవారి వల్ల కాదన్న మాటకు ప్రతి నెలా పుస్తకంలోనే జవాబు దొరికింది.

పశ్చిమ బెంగాల్‌లో రిజర్వేషన్ పంచాయతీలపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనం కూడా ఇదే దిశను సూచిస్తోంది. స్త్రీ పాలనను చూసిన గ్రామాలలో పురుషుల మనసులోని ఇష్టాయిష్టాలు మారకపోయినా, నాయకురాలి సామర్థ్యంపై చిన్నచూపు తగ్గింది. వరుసగా రెండు విడతలు స్త్రీలకు కేటాయించిన చోట్ల తరువాత జనరల్ స్థానాలలోనూ ఎక్కువమంది స్త్రీలు గెలిచారు.

కనుక మాటతీరు మార్చుకొమ్మని స్త్రీలకు శిక్షణ ఇవ్వడంతో సంస్థల బాధ్యత తీరదు. పదోన్నతి ప్రమాణాలను ముందే రాతపూర్వకంగా ప్రకటించి, ఖర్చుపై సంతకాధికారం అప్పగించి, ఒక్కరితో సరిపెట్టక పలువురిని, తగినంత కాలం ఆ స్థానాలలో ఉంచాలి.