ఎవరెక్కడ నిలిచిరి: భాగ్యనగర స్మారకముల కథ

సాయంకాలము దీపములు పెట్టు వేళ గుల్జార్ హౌజు చెంత నిలిచి, నలుదిక్కుల నాలుగు కమానులను చూచి, దక్షిణపు కమాను నడిమి ఖాళీలోనుండి చార్మినారు తల యెత్తి నిలిచిన తీరును చూచినవానికి, హైదరాబాదు నగరము ఎట్లు పుట్టినదో చరిత్రగ్రంథము విప్పకయే కొంత బోధపడును. ముత్యాల దుకాణములు, వెండి సామానుల అంగళ్లు, హౌజు చుట్టు తిరిగిపోవు ఆటోలు, తోపుడుబండ్లు, బేరమాడు స్త్రీల కంఠములు, వీటన్నిటి నడుమ నాలుగు వందల యేండ్లకు పైబడిన రాతి కమానులు తమ పని తాము చేయుచునే యున్నవి. వాటి క్రిందుగనే ఊరు నేటికిని నడచుచున్నది.

స్మారకచిహ్నములను గూర్చి వ్రాయువారు సాధారణముగ ఎవరు కట్టించిరి, ఎప్పుడు కట్టించిరి, ఎత్తెంత అను మూడు సంగతులు చెప్పి విరమింతురు. అది ఆ చోటనే ఏల నిలిచినది, దేనికి ఎదురుగా నిలిచినది, దేనికి వీపు పెట్టి నిలిచినది అను ప్రశ్న వెనుకబడిపోవును. నాకు మాత్రము అన్నిటికంటె ఆ ప్రశ్నయే విలువైనదిగ తోచును. ఏలన, ఏ కాలపు పాలకులు దేనిని గౌరవించిరో, ప్రజలు దేనిని తమదిగ చేసికొనిరో రాతిమీది అక్షరములకంటె రాయి నిలిచిన చోటే స్పష్టముగ చెప్పుచున్నది.

గోలకొండ కోటలో జనము నిండి, నీటికి కరవై, మూసీనదికి దక్షిణపు గట్టున క్రొత్త నగరమును నిర్మింపదలచిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, ఆ పనిని తన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ చేతులలో పెట్టెను. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు వర్తకమార్గము మీద చౌరస్తా నొకదానిని నిర్ణయించి, దాని నడిబొడ్డున 1591వ సంవత్సరమున చార్మినారును నిలిపిరి. హిజరీ శకమున వేయవ సంవత్సరము ప్రవేశించిన కాలమది. మహామారి తొలగినందులకు కృతజ్ఞతగ కట్టించినారని ఒక కథ, సహస్రాబ్ది జ్ఞాపకముగ కట్టించినారని మరియొక కథ ప్రచారమున కలవు. కథ యేదైనను, నాలుగు దిక్కులకు తెరచుకొన్న నాలుగు మహాతోరణములు, వాటి మూలలయందు సుమారు 160 అడుగుల యెత్తున లేచిన నాలుగు మీనారులు, పై అంతస్తున మసీదు గల ఆ కట్టడము ఊరికి మధ్యబిందువై, వీధులన్నియు దానినుండి కొలిచి గీసినట్లు సాగినవి. ఇతర రాజధానులలో నడిబొడ్డున కోటయో రాజప్రాసాదమో ఉండును. ఇక్కడ ఆ స్థానమును నలుగురు నడచు బాటకు విడిచిపెట్టిరి. ఈ యొక్క నిర్ణయమును తలచుకొన్నప్పుడెల్ల నాకు మీర్ మోమిన్‌పై గౌరవము కలుగుచుండును.

చార్మినారునకు ఉత్తరముగ ఆ మరుసటి యేడు లేచిన చార్ కమానులు మాత్రము రాజుకొరకు. పడమటి కమాను రాజప్రాసాదములకు ద్వారము. తూర్పున నల్ల కమాను నౌబతు మ్రోగించు చోటు. ఉత్తరమున మఛిలీ కమాను, శుభసూచకమైన చేప పేరిట వెలసినది. 1687లో మొగలుల జయముతో కుతుబ్ షాహీల పాలన అంతరించి, ఆ ప్రాసాదములు నామావశిష్టములైనవి. ద్వారము మిగిలినది, ఇల్లు పోయినది. నేడు పడమటి కమాను క్రిందుగ పోవువాడు తాను రాజమందిరమున అడుగిడుచున్నానని ఎరుగడు. బంగారు నగ మెరుగు పెట్టించుకొనుటకు పోవుచుండును.

వీటన్నిటికంటె వయసున పెద్దది పురానా పూల్. మహమ్మద్ కులీ తండ్రి యగు ఇబ్రహీం కుతుబ్ షా 1578లో దానిని మూసీపై కట్టించెను. ఇతడు మన తెలుగు కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. ప్రభువు పేర శిలావిగ్రహ మొక్కటియు లేదు గాని, ఆ వంతెనయు, ఆ కావ్యమును, ఇతని కాలముననే త్రవ్వబడిన హుస్సేన్ సాగరమును ఇతని స్మారకములుగ నిలిచినవి. కుతుబ్ షాహీలుగాని, వారి పిదప వచ్చిన ఆసఫ్ జాహీలుగాని కూడలులలో మనుష్యమూర్తులను నిలుపుటకంటె, నీరు నిలుపుట, బాట వేయుట, కమాను కట్టుట తమ పేరు నిలుపుకొను మార్గములుగ ఎంచిరి.

మూసీ గట్టుననే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, మనుష్యులు కట్టని స్మారకమొకటి కలదు. అది చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలాది ప్రాణములను, వేలాది ఇండ్లను తుడిచిపెట్టినప్పుడు, ఆ చెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది బ్రదికిరి. ఉర్దూ రుబాయీలకు ప్రసిద్ధుడైన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొని ఒంటరిగ మిగిలెను. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు వెలసినవి. రోగుల బంధువులు నేటికిని చింతచెట్టు నీడలో టిఫిను డబ్బాలు విప్పుకొని కూర్చుందురు. నగరమందలి స్మారకములన్నిటిలో నాకు మిక్కిలి ఆప్తమైనది ఇది.

పరాయివాడు ఈ ఊరివాడగుట కూడ ఇక్కడ జరిగినది. నిజాము అలీఖాను కొలువున సైన్యమును నడపి, ఫిరంగుల కార్ఖానాను పెట్టించి, గన్‌ఫౌండ్రీ అను పేటకు పేరు మిగిల్చిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో మరణించెను. అస్మాన్ గఢ్ గుట్టపై, నగరమునకు తూర్పున, అతని సమాధియు, దాని సమీపమున సన్నని శిఖరము వంటి రాతిస్తంభమును కలవు. ముస్లిములు అతనిని మూసా రహీం అనిరి, హిందువులు మూసా రాం అనిరి; మూసారాంబాగ్ అను పేట పేరు అట్లు పుట్టినది. నేనక్కడికి పోవుటకు ఆటో ఎక్కి సంగతి చెప్పగా, ఆ డ్రైవరు వెనుదిరిగి చూచి, “అట్లనా సార్? మూసారామంటే ఎవరో మన దేవుడే అనుకున్నం ఇన్నేండ్లు” అని ఆశ్చర్యపడెను. రెండువందల యేండ్లు దాటిన పిదపను ఒక పరదేశి పేరు దేవుని పేరువలె నాలుకలపై నిలిచియున్నదన్న, ఆ సేనాని ఈ ప్రజలకు ఎంత చేరువవాడై యుండవలెను!

అతని ఫ్రెంచి పటాలమును రద్దు చేయించి ఆంగ్లేయుల పలుకుబడిని స్థిరపరచిన రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, కోఠీలో మహాస్తంభములతో, మెట్లకు ఇరువైపుల సింహములతో రెసిడెన్సీ భవనమును లేపెను. ఘోషాలో నుండిన తన భార్య ఖైరున్నీసా భవనమంతయు తిరిగి చూడజాలదని ఆమె కొరకు దాని నమూనాను చిన్నదిగ కట్టించెనని చెప్పుదురు. ఆ భవనముపైననే 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకత్వమున తిరుగుబాటుదారులు దాడి చేసిరి. తుర్రేబాజ్ ఖాను పట్టుబడి, చెరనుండి తప్పించుకొని, తూప్రాను దాపున చంపబడెను. అతని స్మారకస్తంభము కోఠీ బస్సుల రద్దీలో, తాను ఎదిరించిన భవనమునకు చేరువనే నిలిచియున్నది. బస్సుకై పరుగెత్తువారిలో దానిని తలయెత్తి చూచువారు అరుదు. ఆ చోటు మాత్రము సరియైన చోటు. దానిని మరియొక చక్కని ఉద్యానమునకు తరలించినచో అర్థము సగము చచ్చును.

పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున గడియారములు వచ్చినవి. 1889లో చార్మినారు నాలుగు ముఖములకు గడియారములు అమర్చిరి. 1892లో ప్రధాని అస్మాన్ జా మహబూబ్ చౌకులో గడియార స్తంభము కట్టించెను. 1897లో సికిందరాబాదు గడియార స్తంభము ప్రారంభమైనది. 1935లో మొజంజాహీ మార్కెటు నెత్తిపై మరియొకటి లేచినది. అన్నియు బజారులలోనే. అజాను పిలుపుతో, సూర్యుని నీడతో రోజు గడపిన ఊరు, కచేరీ వేళకు, రైలు వేళకు అలవాటుపడిన సంగతి ఇవి చెప్పుచున్నవి.

మనుష్యమూర్తులు నగరమున గుంపుగ నిలిచినది 1986లో. తెలుగువారి ఆత్మగౌరవము పేరున అధికారమునకు వచ్చిన నందమూరి తారకరామారావు, జంటనగరములను కలుపు హుస్సేన్ సాగరపు కట్టపై ముప్పదికి మించిన విగ్రహములను వరుసగ నిలిపించెను. సాగరమునకు వీపు పెట్టి, బాటవైపు ముఖములతో వారు నిలిచియున్నారు. నన్నయ తిక్కన ఎఱ్ఱనలు, మొల్ల, పోతన, వేమన, రుద్రమదేవి, శ్రీకృష్ణదేవరాయలు, గురజాడ, జాషువ, శ్రీశ్రీ, మఖ్దూం మొహియుద్దీను, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను, గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ అందరును ఒకే వరుసలో. భద్రాచలమున గుడి కట్టించి చెరసాల పాలైన రామదాసు ఉన్నాడు, ఆయనను చెరపెట్టించిన తానీషా కూడ ఉన్నాడు. గోలకొండ కవుల సంచికలో 354 మంది తెలంగాణ కవులను చూపి, ఇచ్చట కవులు లేరన్న మాటను త్రోసివేసిన సురవరం ప్రతాపరెడ్డిగారును ఉన్నారు. సాయంకాలము మొక్కజొన్న కంకులు కాల్చు బండ్ల పొగలో, పిల్లలు విగ్రహములక్రింది పేర్లను కూడబలుకుకొని చదువుచుండగా ఆ కట్టపై నడచుట నాకొక విద్య.

అయితే ఆ వరుసలో తెలంగాణమువారు స్వల్పమను బాధ ఇచ్చటివారి హృదయములలో చాలకాలము నిలిచెను. 2011 మార్చి 10న తెలంగాణ రాష్ట్రమునకై సాగిన మిలియన్ మార్చి నాడు కట్టపైని విగ్రహములు పెక్కు విరిగినవి, కొన్ని సాగరమున పడినవి. బాధ న్యాయమైనదని నేను నమ్ముదును; కాని పద్యము చెప్పినవారి ముఖములు నీటిలో తేలుట చూచి కంట నీరు పెట్టుకొన్న తెలంగాణమువారు కూడ నా యెరుకలో ఉన్నారు. విగ్రహములు తిరిగి లేచినవి. తెలంగాణపు వీరుడు కొమురం భీము కూడ కట్టపైకి వచ్చెను.

మార్చి 10 ఆ సాగరమునకు అంతకుముందే చెడ్డ తేది. కట్టకు ఎదురుగా, నీటి నడుమ జిబ్రాల్టరు రాతిపై, ఏకశిలా బుద్ధుని నిలుపదలచి, భువనగిరి దాపునగల రాయగిరి కొండ రాతిని తెచ్చి, గణపతి స్థపతి నాయకత్వమున శిల్పులు సుమారు 58 అడుగుల విగ్రహమును చెక్కిరి. న్యూయార్కు రేవున స్వేచ్ఛాదేవి విగ్రహమును చూచిన రామారావుగారికి ఈ తలపు కలిగెనని చెప్పుదురు. 1990 మార్చి 10న పడవపై తీసికొనిపోవుచుండగా విగ్రహము జారి నీట మునిగెను; పనివారు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా బుద్ధుడు బురదలో పరుండెను. 1992 డిసెంబరు 1న పైకి తీసి నిలిపిరి. 2006లో దలైలామా ప్రతిష్ఠాక్రతువు జరిపెను. అమరావతి, నాగార్జునకొండల బౌద్ధము వర్ధిల్లిన నేలపై ఆ అభయహస్తము పరాయిది కాదు. కాని దానిని చూచినపుడు, పడవతోపాటు పోయిన ఆ పనివారి పేర్లు కట్టపై ఎచ్చటనైన చెక్కియుండిన బాగుండునని నాకనిపించును.

సాగరపు దక్షిణపు దరిని ఇటీవల రూపము మారినది. 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కరు విగ్రహము, పార్లమెంటు భవనమును పోలిన పీఠముపై, క్రొత్త సచివాలయమునకు ప్రక్కనే ఆవిష్కరింపబడెను. ఆ జూనులో ప్రమిద ఆకారమున ఉక్కుతో మెరయు అమరవీరుల స్మారకము లేచెను. రాజ్యాంగము వ్రాసినవానిని పాలన నడచు చోటనే నిలుపుట యుక్తమైన పని.

అన్నిటికి చివర నేను పోవునది గన్‌పార్కునకు. 1969 తెలంగాణ ఉద్యమమున తుపాకి గుండ్లకు రాలిన విద్యార్థుల జ్ఞాపకార్థము, శాసనసభకు ఎదురుగా, 1970లో శంకుస్థాపన జరిగి, ఎన్నియో అడ్డంకులను దాటి 1975 నాటికి పూర్తియైన స్తంభమది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. నల్లరాతి పీఠమునకు నాలుగు ముఖములు. ఒక్కొక్క ముఖమున గుండ్లు తగిలినట్లు తొమ్మిది గుంటలు. నడుమ స్తంభమున ఏ దిక్కునుండి చూచినను తొమ్మిది గీతలు, నాటి తెలంగాణపు తొమ్మిది జిల్లాలు. కొనయందు తొమ్మిది రేకుల తెల్లని పాలరాతి పుష్పము. ప్రతి జూను 2న పాలకులు ఇచ్చటికి వచ్చి పూలుంచి, పిదపనే రాష్ట్రావతరణోత్సవమునకు పోవుదురు. నేను పోయినది మామూలు దినమున. ఒక తండ్రి కొడుకును వెంటబెట్టుకొని వచ్చియుండెను.

“నాన్నా, గీ రంధ్రాలేంది?”

“బుల్లెట్లు బిడ్డా.”

“ఎవరికి తాకినయే?”

తండ్రి వెంటనే బదులు పలుకలేదు. రోడ్డు కావల శాసనసభ తెల్లని గుమ్మటములవైపు ఒకసారి చూచి, “మన పోరగాండ్లకు” అనెను. పిల్లవాడు వ్రేలు చాచి గుంటలను లెక్కించెను. తొమ్మిది రాగా, రెండవ ముఖము వైపునకు పోయి మరల ఒకటి నుండి మొదలుపెట్టెను.