నరికుడి లాప్‌టాప్‌లో తెలుగు ఏ గుమ్మంలో కనిపిస్తుంది?

విరుదునగర్ నుంచి మానామదురై వెళ్లే రైలు దారిలో నరికుడి ఒక స్టేషను. విరుదునగర్, కోవిల్పట్టి వైపు ఊళ్లలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, బడిలో తమిళం చదువుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. రాసింది మాత్రం తమిళంలో. ఆయనకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ కూడా తమిళ నవలే. అలాంటి ఇంట్లో అవ్వా, అమ్మా, కాలేజీ పిల్లా ఒకే లైనక్స్ లాప్‌టాప్ వాడితే ఎవరికి ఏ లాగిన్ పెట్టాలి? ఈ విశేషాలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

ఆ ఊళ్లకు లైనక్స్ కొత్త కాదు. 2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు వాటిలో విండోస్ పక్కన బాస్ లైనక్స్ కూడా ఉంది. డెబియన్ లైనక్స్ ఆధారంగా చెన్నైలోని సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ 2007లో తొలిసారి విడుదలైంది. తమిళంతో పాటు తెలుగులోనూ పనిచేస్తుంది.

లైనక్స్‌లోకి వెళ్లడానికి రెండు గుమ్మాలు. ఒకటి బొమ్మల తెర: పేరు మీద నొక్కి పాస్‌వర్డ్ కొట్టడమే. రెండోది నల్లటి టెక్స్ట్ కన్సోల్: కంట్రోల్, ఆల్ట్‌తో కలిపి ఎఫ్3 నొక్కితే వస్తుంది. కెర్నెల్ ఇలాంటి కన్సోళ్లను 63 దాకా ఇవ్వగలదు. మామూలుగా మనకు అందుబాటులో ఉండేవి ఆరు.

మెషీన్ ఆన్ కాగానే ఏది రావాలో చెప్పే సెట్టింగును ఒకప్పుడు రన్‌లెవెల్ అనేవారు. రెడ్‌హ్యాట్ తరహా లైనక్స్‌లలో 3 అంటే టెక్స్ట్, 5 అంటే బొమ్మల తెర. ఇప్పుడు మెషీన్‌ను లేపే సిస్టమ్‌డీలో వాటి స్థానంలో మల్టీ-యూజర్ టార్గెట్, గ్రాఫికల్ టార్గెట్ వచ్చాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. టార్గెట్ మెషీన్ మొత్తానికి వర్తిస్తుంది. అవ్వకు ఒకటి, మనవరాలికి ఒకటి అని దానికి చెప్పలేం.

మనిషికో తీరు కావాలంటే పాత పద్ధతి ఒకటుంది. మెషీన్‌ను టెక్స్ట్‌లోనే లేపి, ఎవరికి డెస్క్‌టాప్ కావాలో వారి హోమ్ ఫోల్డర్‌లోని బ్యాష్ ప్రొఫైల్ ఫైల్లో, మొదటి కన్సోల్‌లో లాగిన్ అయితే డెస్క్‌టాప్‌ను తెరిచే స్టార్ట్‌ఎక్స్ నడపమని ఒక షరతు రాస్తారు. ఆ షరతు లేనివారు టెక్స్ట్‌లోనే ఉండిపోతారు. సర్వర్లు చూసుకునేవారికి ఇది హాయి. కానీ మన అవ్వ అప్పుడు ముందుగా ఇంగ్లీషు అక్షరాలున్న నల్లతెరను దాటాలి. అందుకే ఇంట్లో వాడే మెషీన్‌కు నేను ఈ దారి చెప్పను.

రెండో దారి, లాగిన్ అయ్యేవారిని పరిశీలించే పామ్. 1995లో సన్ కంపెనీ ప్రతిపాదించిన ఈ ఏర్పాటు మరుసటి ఏడే రెడ్‌హ్యాట్ లైనక్స్‌లోకి వచ్చింది. దీని గొప్పతనం ఏమిటంటే ప్రతి గుమ్మానికీ విడివిడిగా నియమాల ఫైలు ఉంటుంది. టెక్స్ట్‌కు ‘లాగిన్’, గ్నోమ్ డెస్క్‌టాప్ లాగిన్ తెరకు ‘జీడీఎం-పాస్‌వర్డ్’. లిస్ట్‌ఫైల్ అనే మాడ్యూల్‌కు ఒక పేర్ల జాబితా చూపిస్తే, అందులో ఉన్నవారిని ఒక గుమ్మం దగ్గర ఆపి మరో గుమ్మం నుంచి రానివ్వొచ్చు. ఈ ఫైళ్లు మార్చేటప్పుడు ఇంకో కన్సోల్‌లో రూట్‌గా లాగిన్ అయి ఉండండి. ఒక అక్షరం తప్పుపడినా రెండు గుమ్మాలూ మూసుకుపోవచ్చు.

టెక్స్ట్ వద్దనుకుని యూజర్ షెల్‌ను ‘నోలాగిన్’గా మార్చేవారూ ఉన్నారు. అలా చేస్తే డెస్క్‌టాప్ లోపలి టెర్మినల్ కూడా ఆ మనిషికి పనిచేయదు.

ఇక అసలు సంగతి. టెక్స్ట్ కన్సోల్‌కు తెలుగు రాదు, తమిళమూ రాదు. అది ఒకేసారి పట్టుకోగలిగే అక్షరరూపాలు 256, మహా అయితే 512. యునికోడ్ తెలుగుకు కేటాయించిన స్థానాలు 128 మాత్రమే కదా, సరిపోవా అనిపిస్తుంది. ‘లక్ష్మి’ తీసుకోండి. కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని కలిపి ఒత్తులూ గుడులూ చేర్చే పని హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్‌ది. గ్రాఫికల్ తెరలో అది ఉంది, కన్సోల్‌లో లేదు. అక్కడ ఒక్కో సంకేతానికి ఒక్కో గడి. ఆ గడుల్లో కూడా మామూలుగా కనిపించేవి చదరాలే.

కాబట్టి తెలుగు భాష పెట్టుకున్న యూజర్ కన్సోల్‌లోకి వెళ్తే సిస్టమ్ సందేశాలు చదవలేనట్టు వస్తాయి. మందు సులువే. కన్సోల్‌లో ‘టెర్మ్’ అనే వేరియబుల్ విలువ ‘లైనక్స్’ అని ఉంటుంది. అలా ఉన్నప్పుడు మాత్రం భాషను ఇంగ్లీషుకు మార్చమని ప్రొఫైల్లో రాసుకుంటే చాలు. డెస్క్‌టాప్‌లో తెలుగు అలాగే ఉంటుంది.

యూజర్ పేరు తెలుగులో ఉండొచ్చా? లాగిన్ పేరుగా లైనక్స్ మామూలుగా ఒప్పుకోదు. కానీ పాస్‌వర్డ్ ఫైల్లోని ఏడు గడుల్లో ఐదోది పూర్తి పేరు. బొమ్మల తెర చూపించేది దాన్నే. అక్కడ అవ్వ పేరు తమిళంలో, తాతయ్య పేరు తెలుగులో రాయొచ్చు. ఈ గడి పేరు జీకోస్. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ప్రింట్ పనులను జనరల్ ఎలక్ట్రిక్ వారి జీకోస్ మెషీన్‌కు పంపేవారు. అక్కడి ఖాతా వివరాలు దాచడానికి ఏర్పడిన గడిలో ఇప్పుడు మన ఇంటి పేర్లు ఉంటాయి!

ఎవరి భాష వారికి గుర్తుంచుకునే పని అకౌంట్స్‌సర్వీస్‌ది. యూజర్‌కో చిన్న ఫైలు పెట్టుకుని అందులో వారి సెషన్, భాష రాసుకుంటుంది. మరి ఎవరికి ఏ భాష పెట్టాలి? 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం విడతలవారీగా తప్పనిసరి అయింది. అందువల్ల అక్కడి తెలుగు పిల్లలకు తమిళ తెరే తేలిక. తెలుగు చదవడం నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవారికి అదే మెషీన్‌లో తెలుగు తెర పెట్టొచ్చు. పోతన2000, వేమన2000 ఫాంట్లు డెబియన్‌లో ఉచితంగా దొరుకుతాయి.

టెక్స్ట్ గుమ్మంలోకి వెళ్లేవారికి ఇంకో సంగతి. కన్సోల్‌లో షిఫ్ట్, పేజ్‌అప్ నొక్కి పైకి వెళ్లిన వరుసలు చూసే సౌకర్యం ఇప్పుడు లేదు. భద్రతా లోపం బయటపడడంతో 2020లో కెర్నెల్ నుంచి తీసేశారు.

ఆ గుమ్మానికి ఒక పాత ముచ్చట కూడా ఉంది. పాత టెలిటైపుల్లో ఇంగ్లీషు పెద్దక్షరాలు మాత్రమే ఉండేవి. అందుకే లాగిన్ పేరును పెద్దక్షరాల్లో కొడితే పాత యూనిక్స్ తన సమాధానాలన్నీ పెద్దక్షరాల్లోనే ఇచ్చేది. ఆ అలవాటును తిరిగి ఆన్ చేసే మీట, కన్సోల్‌లో లాగిన్ పేరు అడిగే ఏగెట్టీ ప్రోగ్రామ్‌లో ఇప్పటికీ ఉంది.

చివరగా ఒక జాగ్రత్త. డెస్క్‌టాప్‌లో తెలుగు కీబోర్డు ఆన్ చేసి, తెలుగు అక్షరాలతో పాస్‌వర్డ్ పెట్టుకోకండి. కన్సోల్ కీబోర్డుకు తెలుగు లేఅవుట్ లేదు. బొమ్మల తెర పాడైన రోజున బాగుచేయడానికి వెళ్లాల్సింది ఆ కన్సోల్‌లోకే. అక్కడ ఆ పాస్‌వర్డ్ కొట్టడం కుదరదు.