జింక బక్కచిక్కితే జబ్బేనా?

పార్వతీపురం మన్యం కొండల్లో ఎండలు ముదిరాక ఊటల దగ్గరికి నీళ్లకొచ్చే జింకను చూసి ఇట్టే తేల్చేస్తాం: రోగమొచ్చిందని, ముసలిదైందని, తల్లి వదిలేసిందని. ఆ తొందరపాటు ఒక్కోసారి దాని ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ అపోహలు తొలగాలి.

అపోహ: కొమ్ము కొనలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది.
వాస్తవం: తెలియదు. చుక్కల దుప్పికైనా కణుజుకైనా, ఎదిగాక ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడే కొనలుంటాయి. నాలుగేళ్లదానికీ అంతే, ఎనిమిదేళ్లదానికీ అంతే. కొమ్ము పొడవు, మందం వయసుతోపాటు దొరికిన మేతను, ఒంట్లో సత్తువను బట్టి మారతాయి. ముసలితనంలో కొమ్ము మళ్లీ చిక్కిపోతుంది. వయసు అంచనాకు పళ్ల అరుగుదల మెరుగైన ఆధారం.

అపోహ: జింక కొమ్ములు ఎద్దు కొమ్ముల్లా జీవితాంతం ఉంటాయి.
వాస్తవం: రాలని కొమ్ములు ఎద్దుకూ, మన రాష్ట్ర జంతువైన కృష్ణజింకకూ ఉంటాయి. పేరులో జింక ఉన్నా కృష్ణజింక ఆ కుటుంబానిది కాదు. దుప్పి, కణుజు, మొరిగే జింకల్లో మగవాటి కొమ్ములు అచ్చమైన ఎముక. అవి రాలి మళ్లీ మొలుస్తాయి. క్షీరదాల్లో ఇంత వేగంగా పెరిగే ఎముక మరొకటి లేదు. అందుకు కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్‌లో కొంత భాగాన్ని జింక తన ఎముకల నుంచే తీసుకుంటుంది. రాలిన కొమ్ములను జింకలు కొరకడం ఆ ఖనిజాల కోసమే.

అపోహ: డొక్కలు కనిపిస్తే జబ్బు చేసినట్టే.
వాస్తవం: వేసవిలో గడ్డి ముదిరి పీచు పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. జతకట్టే కాలంలో మగవి మేత తగ్గించి ఆడవాటి వెంట తిరుగుతాయి. పాలిచ్చే తల్లి చిక్కిపోతుంది. వానలు పడి చిగుళ్లొస్తే తిరిగి ఒళ్లు చేస్తాయి. పచ్చిక పుష్కలంగా ఉన్నా తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, నడక తడబడుతుంటే అటవీ సిబ్బందికి చెప్పాలి.

అపోహ: ఆకలిగొన్న జింకకు అన్నం, రొట్టె పెట్టడం పుణ్యం.
వాస్తవం: జింక నెమరువేసే జీవి. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆకులకూ గడ్డికీ అలవాటుపడ్డవి. ఒక్కసారిగా అన్నం, ధాన్యం ఎక్కువగా పడితే పొట్టలో ఆమ్లం పెరిగి జీర్ణక్రియ ఆగిపోతుంది. జింక చనిపోవచ్చు కూడా.

అపోహ: పొదలో ఒంటరిగా ఉన్న పిల్లను తల్లి వదిలేసింది.
వాస్తవం: తొలి రోజుల్లో తల్లి పిల్లను దాచి మేతకు వెళ్తుంది, పాలివ్వడానికి తిరిగొస్తుంది. ఇంటికి తెస్తే ఆ తల్లిని దూరం చేసినట్టే. జింక పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలకన్నా చాలా ఎక్కువ. ఆవుపాలు వాటికి సాటిరావు.

జింకకు పుష్టినిచ్చేది అడవే: లేత గడ్డి, చిగుళ్లు, రాలిన ఇప్పపూలు, ఉసిరికాయలు. ఉసిరి తిన్న దుప్పి నెమరువేస్తూ గింజలను వేరేచోట ఉమ్మి కొత్త చెట్లకు విత్తు వేస్తుంది. ఎండాకాలంలో కొండకు నిప్పంటుకోకుండా చూస్తే, ఊటలను కాపాడితే, కుక్కలను అడవిలోకి వదలకుండా ఉంటే, అదే మనం దానికి పెట్టగల మంచి మేత.