బెంచ్ మీదున్నా జీతం హక్కే

రాత్రి ఏడు దాటాక అమీర్‌పేట, కూకట్‌పల్లి, మాదాపూర్‌లలో కొన్ని ఆఫీసులకు అప్పుడే తెల్లవారుతుంది. అమెరికా తూర్పు తీరంలో అది పొద్దున తొమ్మిది ప్రాంతం. హెడ్‌సెట్లు తగిలించుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ముందుగా ‘హాట్‌లిస్ట్’ తెరుస్తారు. జావా, 8 ఏళ్ల అనుభవం, హెచ్1బీ, డల్లాస్, ఎక్కడికైనా వెళ్తారు... వరసగా ఇలాంటి లైన్లు. ప్రతి లైను వెనకా ఒక మనిషి ఫోను కోసం ఎదురుచూస్తుంటాడు.

ఫోన్లు చేసేవాళ్లను బెంచ్ సేల్స్ రిక్రూటర్లంటారు. లిస్టులో ఉన్నవాళ్లు కన్సల్టెంట్లు. రెండు వైపులా తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇద్దరికీ జీతమిచ్చేది ఒక్కరే, కన్సల్టెన్సీ.

ఈ వ్యాపారంలో డబ్బు ఎలా నడుస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. క్లయింట్ గంటకు 90 డాలర్లు ఇస్తున్నాడనుకోండి. క్లయింట్‌తో నేరుగా ఒప్పందమున్న ప్రైమ్ వెండర్ తన వాటా తీసుకుని 80 కిందికి పంపుతాడు. మధ్యలో ఇంకో లేయర్ ఉంటే కన్సల్టెన్సీ చేతికి వచ్చేది 70. ‘80-20’ ఒప్పందమైతే కన్సల్టెంట్ వాటా 56. యజమాని తన జేబులోంచి కట్టాల్సిన 7.65 శాతం పేరోల్ పన్నును, బీమా ఖర్చును కూడా ఆ 56లోంచే కోసేవాళ్లున్నారు. పైగా అసలు బిల్లింగ్ రేటు ఎంతో కన్సల్టెంట్‌కు చాలాసార్లు చెప్పరు. ఎంతలో 80 శాతమో తెలియనివాడికి ఆ 80 అనే అంకె ఏం ఉపయోగం?

అసలు బాధ ప్రాజెక్టు అయిపోయిన రోజున మొదలవుతుంది. “తమ్ముడూ, మార్కెట్ డల్‌గా ఉంది, కొన్నాళ్లు ఓపిక పట్టు” అన్న మాటతో జీతం ఆగిపోతుంది. బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు జీతం ఉండదనేది మనవాళ్లలో చాలామంది సహజమనుకునే విషయం. అది తప్పు. హెచ్1బీ వీసా మీదున్న ఉద్యోగికి పని చూపించలేకపోవడం యజమాని సమస్య. ఆ వీసా కోసం యజమాని కార్మిక శాఖకు సమర్పించే ఎల్‌సీఏ పత్రంలో రాసిన జీతం ఆ రోజుల్లోనూ ఇచ్చి తీరాలని 1998లోనే అమెరికా చట్టం చేసింది. ఉద్యోగి తనంతట తాను సెలవు కోరితే తప్ప దీనికి మినహాయింపు దాదాపు లేదు. క్లయింట్ నుంచి డబ్బు రాలేదన్న సాకూ చెల్లదు. జీతం కనీసం నెలకోసారి ఇవ్వాల్సిందే. హెచ్1బీ పిటిషన్ ఫీజు, దానికి లాయర్ ఖర్చు కూడా యజమానివే.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ‘రన్ పేరోల్’ అనే పద్ధతి పుట్టింది. వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ కావాలంటే పేస్టబ్‌లు, అంటే జీతం రశీదులు చూపాలి. జీతమే లేనివాడికి అవి ఎక్కడివి? అందుకని కన్సల్టెంట్ తన పొదుపులోంచో, ఊళ్లో నాన్న చేసిన అప్పులోంచో డబ్బు తెచ్చి యజమానికిస్తాడు. దానికి రెండు వైపుల పన్నులూ కలుపుతాడు. ఆ డబ్బే జీతంగా అతని ఖాతాలోకి తిరిగొస్తుంది. తన డబ్బుతో తనకే జీతం ఇచ్చుకునే దుస్థితి ఇది. దీన్ని సర్దుబాటు అనడం అన్యాయం. ఇది దోపిడీ.

ఎందుకు భరిస్తారు? భయం వల్ల. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. చదువు ముగించి ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నవాళ్లకు మొత్తం 90 రోజుల నిరుద్యోగమే అనుమతి, సైన్స్, టెక్నాలజీ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే 150. ఈ గడియారం తిరుగుతుంటే ఎవరు గొంతెత్తుతారు? దానికి తోడు మేనేజర్ మన జిల్లావాడు, మన కాలేజీవాడు. ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకెళ్లాడు, గెస్ట్ హౌస్‌లో అన్నం పెట్టించాడు. ఆ మంచితనం నిజమే కావచ్చు. కానీ అదే మొహమాటమై, ఆఫర్ లెటర్‌లో ఏముందో అడగనివ్వకుండా చేస్తుంది. అనుభవం లేనివాడి రెజ్యూమెలో ఏడేళ్లు కలిపిన రోజున అతను మరీ లొంగిపోతాడు. ఆ అబద్ధం బయటపడితే వీసాకే ముప్పు కాబట్టి ఇక నోరెత్తలేడు.

హైదరాబాద్‌లో కూర్చున్న రిక్రూటర్ పరిస్థితీ గొప్పగా ఏమీ లేదు. చేతికందే జీతం తక్కువ, ఆశంతా ఇన్సెంటివ్ మీదే. అది ‘క్లోజర్’ అయితేనే, అంటే కన్సల్టెంట్‌కు ప్రాజెక్టు కుదిరితేనే వస్తుంది. నెలలో ఒక్కటీ కాకపోతే మేనేజర్ మాటలు పడాలి. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేసినా పీఎఫ్ ఖాతా లేనివాళ్లున్నారు. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు పీఎఫ్ వర్తిస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

నిబంధన బిగిస్తే మార్పు రాదనేం లేదు. 2023 మార్చిలో హెచ్1బీ లాటరీకి 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అర్హమైన వాటిలో సగానికి పైగా ఒకే మనిషి పేరున పలు కంపెనీలు వేసినవే. మరుసటి ఏడాది ఎన్ని వేసినా మనిషికి ఒకే అవకాశమని నిబంధన మార్చగానే సంఖ్య 4,79,953కు పడిపోయింది.

కన్సల్టెన్సీలన్నీ ఇలాంటివే అనడం సరికాదు. బెంచ్‌లోనూ నెల నెలా జీతం వేసేవి, బిల్లింగ్ రేటు దాచకుండా చెప్పేవి ఉన్నాయి. తేడా తెలుసుకోవడానికి సంతకం పెట్టకముందే అడగాలి. ఉద్యోగంలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ కాపీ చేతికివ్వడం యజమాని బాధ్యత. జీతం, పని ప్రదేశం అందులో రాసి ఉంటాయి. ఆ జీతం రాకపోతే అమెరికా కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారంతో, ఉల్లంఘన జరిగిన 12 నెలల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేశాడని కక్ష సాధించడం చట్టవిరుద్ధం. అమెరికాలో మీ అబ్బాయో, అమ్మాయో కన్సల్టెన్సీలో పనిచేస్తుంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు జీతం ఎంతని కాదు, ఎల్‌సీఏ కాపీ చేతిలో ఉందా అని అడగండి.